పండుగ డిజైన్ వేస్తే కుట్టు పేరు కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల బతుకమ్మ తోరణం, టేబుల్ క్లాత్, మెత్త గలీబులు అని పెద్ద పెద్ద ఫోటోలు వేసిండ్రు, ఫోటోలకైతే వంక పెట్టేది లేదు, నేను కత్తిరించి దాచుకున్న కూడా. కానీ కింద మ్యాటర్ చూస్తే రంగురంగుల దారాలతోటి అందంగ కుట్టుకోండి, ఇంటికి పండుగ కళ వస్తది అని రెండు మూడు లైన్లు, అంతే. ఏ కుట్టు, ఎన్ని పోగులు, ఏ బట్ట, ఏదీ లేదు. అదే పేజీల పక్కకు సకినాల గురించి రాసినప్పుడు బియ్యప్పిండి ఎంత, నువ్వులు ఎంత, వాము ఎంత అని కొలతలేసి మరీ రాసిండ్రు, మరి కుట్టుకెందుకు రాయరు? పైగా ఆ పేజీ వచ్చేసరికి ఎంగిలిపూల బతుకమ్మకు వారం కూడా లేదు. చేతితోటి కుట్టే తోరణం వారంల ఎట్లయితది సార్, ఇల్లు దులుపుడు, పువ్వు తెచ్చుడు, సద్దులు చేసుడు, పిల్లలకు సెలవులు, ఇవన్నీ నెత్తి మీద ఉండంగ.

నేను హనుమకొండల టైలరింగ్, ఎంబ్రాయిడరీ నేర్పుత. సర్కారు పెట్టే టైలరింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు వస్తరు, పెళ్ళయి ఇంటికాడ ఉండేటోళ్ళు కూడా వస్తరు. పరీక్ష రాసేటోళ్ళందరు శాంపిల్ ఫైల్ చేస్తరు, తెల్ల గుడ్డ ముక్కల మీద కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు, ముడి కుట్టు, లేజీ డైజీ, హెరింగ్‌బోన్, ఫిష్‌బోన్, ఫెదర్, బులియన్ అన్నీ వరుసగ కుట్టి పక్కన పేరు రాసి అంటిస్తరు, ఎంత నీట్‌గ ఉంటయో. పరీక్ష అయిపోతే ఆ ఫైల్ సజ్జ మీదికి ఎక్కుతది. అదే పిల్ల దసరాకు దర్వాజకు తోరణం కుడతనని కూసుంటే పువ్వుకు శాటిన్ (బొమ్మను పక్కపక్కన దారాలు పరిచి నింపే కుట్టు), ఆకుకు శాటిన్, చిలుకకు శాటిన్, అంచుకు కాడ కుట్టు, అయిపాయె. నేర్చుకున్న కుట్లన్నీ ఫైల్లనే ఉంటయి, పండుగల ఒక్కటి కూడా కనపడదు. మీరు ఫోటో కింద కుట్టు పేరు రాస్తే ఆ ఫైల్ కిందికి దిగుతదని నా ఆశ.

శాటిన్ కుట్టు చెడ్డదని అంటలేను. చిన్న రేకకు, చిన్న ఆకుకు, బతుకమ్మ మీద పెట్టే పసుపు గౌరమ్మకు శాటిన్ కంటే నున్నగ వచ్చేది ఏదీ లేదు. కానీ టాకా, అంటే సూది ఒక్కసారి వేసే కుట్టు, సెంటీమీటరు దాటి పొడుగు అయ్యిందంటే దారం బట్ట మీద వదులుగ తేలుతది, గాజుకో గోరుకో తట్టుకొని లేస్తది, రెండు సార్లు ఉతికితే కుచ్చులు కుచ్చులు అయితది. పెద్ద మామిడాకు కుట్టాలంటే ఫిష్‌బోన్ పెట్టుకోవాలె, ఆ దిక్కు నుంచి ఒకటి ఈ దిక్కు నుంచి ఒకటి ఏటవాలుగ వచ్చి నడుమల కలుస్తది కాబట్టి ఆకుకు ఈనె దానంతటదే పడుతది, వేరే గీత కుట్టే పని లేదు. ఇది రాయడానికి మీకు ఒక్క లైన్ పడుతది.

ఇగ బతుకమ్మ సంగతికి వస్త. మన పండుగే పువ్వుల పండుగ, అందుల ఒక్కొక్క పువ్వుది ఒక్కొక్క తీరు, ఒక్కటే కుట్టుతోటి నింపితే రంగులు మారుతయి కానీ పువ్వులు మారవు, దూరం నుంచి చూస్తే స్టిక్కర్ అంటించినట్టే ఉంటది. గునుగు తీసుకోండి. కింద వెండి తెలుపు ఉంటది, కొసకు పొయ్యేసరికి లేత గులాబి. దానికి సన్నటి సూటి టాకాలు, కొంచెం ఏటవాలుగ, కింద నుంచి పైకి ఒకదాని మీదికి ఒకటి సగం ఎక్కేటట్టు కుట్టుకుంట పోవాలె. మొదలు రెండు పోగులు తెలుపు, నడుమకు రాంగనే సూదిల ఒక పోగు తెలుపు ఒక పోగు గులాబి కలిపి ఎక్కియ్యాలె, కొసకు రెండు పోగులు గులాబి. రంగు ఎక్కడ మారిందో కండ్లకు తెల్వది. మా దగ్గర ఒక చిన్న పిల్ల ఇట్ల కుట్టి చూసి మేడం ఇది నిజంగ గునుగే అని ఎగిరింది. మనోళ్ళు గునుగు కొసలు రంగుల ముంచి పెడతరు కదా, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, అట్లాంటి వరుస కుట్టాలనుకుంటే షేడెడ్ దారం లచ్చి ఒకటి తెచ్చుకుంటే సరిపోతది, అదే దారంల రంగు మారుకుంట వస్తది.

తంగేడుకు ఐదు రేకలు, లేజీ డైజీ (కొసకు చిన్న టాకాతోటి పట్టుకునే రేక లాంటి లూపు) ఐదు వేసి లోపల ఒక్కొక్క సూటి టాకా వేస్తే రేక ఖాళీగ కనపడదు. నడుమల కేసరాలకు ఒక్క పోగు మట్టి రంగు దారం, కొసకు ముడి. చామంతికి కూడా లేజీ డైజీనే కానీ సన్నగ, రెండు మూడు వరుసలు ఒకదాని వెనుక ఒకటి. బంతి పువ్వు మాత్రం వేరే, బంతిని పరుపు లెక్క చదునుగ కుడితే బంతి అనిపించదు, ఉబ్బుగ ఉండాలె. దానికి టర్కీ వర్క్ అని ఒకటి ఉన్నది, దారం లూపు బట్ట మీద వదిలి పక్కనే చిన్న టాకాతోటి బిగించి మళ్ళ లూపు వదిలి మళ్ళ బిగించి, గుండ్రంగ నిండినంక కత్తెరతోటి లూపులు కోసి వేలితోటి రుద్దితే దారం విచ్చుకుంటది, పసుపు నారింజ కలిపి కుడితే బంతి పువ్వును తెచ్చి అక్కడ పెట్టినట్టే. సీతజడ పువ్వుకు కూడా ఇదే కుట్టు, రంగు మెరూన్. కింద బతుకమ్మ పేర్చే ఇత్తడి శిబ్బి (పళ్ళెం) చూపియ్యాలంటే జరీ దారాన్ని సూదిల ఎక్కియ్యొద్దు, బట్ట మీద పరిచి సన్న దారంతోటి అక్కడక్కడ టాకా వేసి పట్టుకోవాలె, సూదిలకెళ్ళి గుంజితే జరీ పొట్టు లేచిపోతది.

ఇంకొక సంగతి ఎవ్వరూ రాయరు, ఆ వస్తువును ఎవరు ఎంత దూరం నుంచి చూస్తరు అనేది. దారం లచ్చిల ఆరు పోగులు ఉంటయి, అందరు అలవాటుగ రెండో మూడో తీసి కుడతరు. తోరణం తల మీద ఉంటది, కింద నుంచి చూస్తం, రెండు పోగుల పని అక్కడ కనపడనే కనపడదు, కండ్లు పోయేటట్టు కుట్టి ఏం లాభం. తోరణానికి ఆరు పోగులు పెట్టి పెద్ద గొలుసు కుట్టు, పెద్ద హెరింగ్‌బోన్ (దారాలు ఏటవాలుగ ఒకదాన్నొకటి దాటే కుట్టు) వేస్తే బజార్ల పొయ్యేటోళ్ళకు కూడా కనపడుతది, పని కూడా జల్ది అయితది. టర్కీ వర్క్, ముడి కుట్లు తోరణానికి వద్దు, ఏడాది పొడుగు దుమ్ము పట్టుకుంటది, దులిపితే పోదు. అవన్నీ టేబుల్ క్లాత్ అంచులకు, పూజ దగ్గర వేసే గుడ్డకు, ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టేటివాటికి. మెత్త గలీబు మీద నడుమల ముడి కుట్లు, బులియన్ (సూదికి దారం చుట్టి ఉబ్బుగ వేసేది) అస్సలే వద్దు, పండుకొని లేస్తే చెంప మీద డిజైన్ అచ్చు పడుతది, మా ఇంట్ల ఆయన ఒకసారి అట్లనే ఆఫీసుకు పోయిండు. గలీబుకు మూలల కుట్టుకోవాలె, కాడ కుట్టు, గొలుసు కుట్టు, ఫిష్‌బోన్ లాంటి చదును కుట్లు.

సంక్రాంతికి మీరు ప్రతి ఏడాది ముగ్గుల పోటీ పెడతరు, ఆ ముగ్గులనే కుట్టుకు ఇయ్యొచ్చు. చుక్కలకు ముడి కుట్టు, గీతకు బ్యాక్ స్టిచ్ వేసి దాని కిందికెళ్ళి ఇంకొక రంగు దారం చుట్టుకుంట పోతే ముగ్గు గీత తాడు పేనినట్టు గుండ్రంగ లేస్తది. కొంచెం చెయ్యి తిరిగినోళ్ళకైతే కచ్ వర్క్ ఉన్నది, అది చూడటానికే మెలికల ముగ్గు తీరు ఉంటది. ముందు కింద కట్టు వేసుకోవాలె, పైన దారం ఆ కట్టులకెళ్ళి అల్లుకుంట పోవాలె, బట్టను గుచ్చొద్దు. కింద కట్టుల ఒక్క దారం పైనదా కిందదా అనేది తప్పితే పైన అల్లిక కలవదు, అక్కడికాడికి ఆగిపోతది, అందుకే దీనికి ఫోటో ఒక్కటే ఇస్తే చాలదు, కట్టు ఎట్ల వేసుకోవాలె అనేది వేరే బొమ్మ గీసి బాణాలు పెట్టాలె. వడ్ల కంకికి మాత్రం సులువు, గింజకు లేజీ డైజీ, మీసాలకు ఒక్క పోగు సూటి టాకా, పిల్లలు కూడా కుడతరు.

మన చుట్టుపక్కల మహబూబాబాద్, నర్సంపేట దిక్కు తండాలల్ల లంబాడి ముసలమ్మల కాంచళి (రవిక), పేట్యా (లంగా) దగ్గర కూసొని చూస్తే ఒక్క బెత్తెడు జాగల ఎన్ని రకాల కుట్లు ఉంటయో తెలుస్తది, అద్దాలు, గవ్వలు, నడుమ నడుమ హెరింగ్‌బోన్, గొలుసు, అంచుకు కాజా కుట్టు. అద్దం కుట్టేటప్పుడు ముందు దాని మీద అడ్డం నిలువు దారాలు వేసి బిగిస్తరు, తర్వాత ఆ దారాలను పట్టుకొని చుట్టూ కుడతరు, గమ్ము లేదు ఏం లేదు, బట్ట చినిగినా అద్దం ఊడదు. శ్రావణంల తీజ్ పండుగ వస్తది కదా, తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచుతరు, ఆ టైముకు మీరు ఒక పేజీ తండాలల్లకు పోయి, ఆ ముసలమ్మలను అడిగి, వాళ్ళు చెప్పిన తీరునే రాస్తే బాగుంటది. ఇప్పుడు బజార్ల దొరికే ప్లాస్టిక్ అద్దాల లేసు కుట్టి లంబాడి వర్క్ అంటున్నరు, దాని మీద వేడి ఇస్త్రీ పెడితే ముడుచుకపోతది.

చేతి కుట్టు అనంగనే అందరు మగ్గం వర్క్ బ్లౌజే అనుకుంటున్నరు. మగ్గం పని గొప్పదే, అది బతుకుదెరువు, కాదంటలేను. కానీ దానికి ఖాట్ (బట్టను బిగించే చట్రం) కావాలె, ఆరీ సూది (కొక్కెం సూది) కావాలె, కూసునే జాగ కావాలె, నేర్చుకోవడానికి నెలలు కావాలె. మామూలు సూది, రింగు, నాలుగు లచ్చిల దారం ఉంటే కిరాయి ఇంట్ల ఒక మూలకు కూసొని కుట్టుకునే పని ఇది. అంతెందుకు, మన ఊరి పనితనం అంటే నేత ఒక్కటే గుర్తుకొస్తది, వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ ట్యాగ్ (ఊరి పేరుతోటి ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పుడు మీరు కూడా పెద్దగ రాసిండ్రు, వాటిని నేసే కొత్తవాడోళ్ళకు అది న్యాయమే. ఇంటింటికి ఉండే సూది పని గురించి మాత్రం పండుగకు ఒక ఫోటో తప్ప ఏం రాదు.

వరంగల్‌ల ఎవ్వరింటికి గిఫ్ట్ ఇయ్యాలన్నా కాకతీయ తోరణం బొమ్మ కావాలంటరు, అది కుట్టించుకునేటోళ్ళు కూడా ఉన్నరు. దాన్ని కూడా శాటిన్‌తోటి బూడిద రంగు నింపుతున్నరు, రాయి తీరు కనపడాలె కదా. స్తంభం గీతలకు స్ప్లిట్ స్టిచ్, అంటే సూది ముందటి టాకా దారాన్ని చీల్చుకుంట పైకి రావాలె, లోపల జాగకు గింజలు చల్లినట్టు చిన్న చిన్న టాకాలు అటు ఇటు వేస్తే గరుకు రాయి లెక్క వస్తది. పైన రెండు దిక్కులున్న హంసలకు మాత్రం శాటిన్ పెట్టుకోవచ్చు.

సరే, అడిగేది అడుగుత. బతుకమ్మ డిజైన్ తొలి ఏకాదశి టైముకు వెయ్యండి, క్రిస్మస్‌ది దసరా పోంగనే, సంక్రాంతిది దీపావళి పోంగనే, ఉగాది మామిడాకు తోరణం సంక్రాంతి తెల్లారి. వానకాలంల కుట్టేటోళ్ళకు చెయ్యి చెమట పట్టి తెల్ల బట్ట మురికి అయితది, చెయ్యి కడుక్కొని కూసొమ్మని కూడా ఒక మాట రాయండి. ఎర్ర దారం, మెరూన్ దారం కొన్ని రంగు వదులుతయి, తెల్ల బట్ట మీద కుట్టే ముందు దారం ముక్క తడిపి తెల్ల గుడ్డకు ఒత్తి చూసుకోమని రాయండి. బట్టను కుట్టక ముందే ఒకసారి ఉతకమనాలె, లేకపోతే తర్వాత బట్ట కుంచించుకపోయి కుట్టు ఉబ్బి నిలబడుతది. ఇస్త్రీ వెనుక దిక్కు నుంచి, కింద టవల్ పరుచుకొని. ఇవన్నీ కలిపినా మీ పేజీల పది లైన్లు దాటవు, పక్కకున్న రాశిఫలాలు ఇంకెంత ఉంటయో చూసుకోండి.

బొమ్మ మాత్రం అసలు సైజులో వెయ్యండి సార్. చిన్నగ వేసి పెద్దగ చేసుకోండి అంటే జిరాక్స్ షాపుకు పోవాలె, రెండుసార్లు తీస్తే గీత వంకర పోతది. కలర్ ఫోటో వేరే, దాని పక్కనే ఉత్త గీతల బొమ్మ వేరే ఉండాలె, గీతల బొమ్మలనే ఏ భాగానికి ఏ కుట్టు, ఎన్ని పోగులు అని రాసి పెట్టాలె. మేమది ట్రేసింగ్ పేపర్ మీదికి దించుకొని, పసుపు కార్బన్ పెట్టో, లేకపోతే సూదితోటి చిల్లులు పొడిచి పౌడర్ రుద్దో బట్ట మీదికి ఎక్కించుకుంటం. పేపర్ మడత పడే కాడ మాత్రం బొమ్మ రానియ్యకండి, మొన్నటి దాంట్ల గౌరమ్మ సగం మడతలనే పోయింది. వెనుక దిక్కు యాడ్ ఉన్నా మాకేం ఇబ్బంది లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కుట్టు టీచర్, హనుమకొండ