పెన్‌డ్రైవ్‌లో పాటల పేర్లు పిచ్చిగీతలుగా వస్తుంటే తీసుకురండి, ఊరికే సరిచేసిస్తాం

గత రెండు నెలల్లో మా ఒంగోలు షాపులో పాటలు ఎంపీ3 చేయించుకున్నవాళ్లకి ఈ మాట. పాట మోగుతోంది గానీ స్టీరియోలో పేరు దగ్గర ఏవేవో గుర్తులు వస్తున్నాయని చాలామంది అడిగారు. తప్పు మాదే. పాటల్ని ఎంపీ3గా మార్చడానికి మేం వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్, మనం వేరేగా చెప్పకపోతే, పాట వివరాలను ఐడీ3 2.4 పద్ధతిలో రాస్తుంది. పాత స్టీరియోలు చాలావాటికి 2.3 అయితేనే అర్థమవుతుంది. ఆ సెట్టింగ్ చూసుకోకుండా ఫైళ్లన్నీ ఒకేసారి నడిపేశాం. ఇప్పుడు పేర్లు మాత్రమే తిరగరాస్తాం, పాటను ముట్టుకోం, కాబట్టి సౌండ్ తగ్గదు.

పేరు బదులు ఖాళీ డబ్బాలు వస్తే అది వేరే జబ్బు. ఆ స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదని అర్థం. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం తప్ప దారి లేదు.

చీమకుర్తి టిప్పర్లవాళ్లు కొందరు 64 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చి, సెట్టు దాన్ని పట్టడం లేదన్నారు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతులు వేరువేరు: అంత సైజువి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, పాత సెట్లకి ఫ్యాట్32 కావాలి. 32 జీబీది కొనుక్కోండి, చాలు. 192 కేబీపీఎస్‌లో (సెకనుకి ఎంత డేటా అన్న లెక్క) ఐదు నిమిషాల పాట 7 ఎంబీ చిల్లర, అంటే నాలుగు వేల పాటలకు పైనే పడతాయి. వరస తప్పుతోందన్నవాళ్లకి: కొన్ని సెట్లు పేరు చూడవు, కాపీ చేసిన వరసలో పాడతాయి. ఇకపై 001, 002 అని నంబర్లు పెట్టి, అదే వరసలో ఎక్కిస్తాం.

128 కేబీపీఎస్‌లో ఉన్న పాటల్ని 320 కేబీపీఎస్‌కి మార్చివ్వమంటే ఇక చెయ్యం. 128 చేసేటప్పుడే 16 వేల హెర్ట్జ్ పైనున్న శబ్దం చాలావరకు కోసేసి ఉంటుంది. పోయింది తిరిగి రాదు, సైజు మాత్రం రెండున్నర రెట్లవుతుంది. పైగా ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే ఉన్నది ఇంకాస్త చెడుతుంది. సీడీ ఉంటే సీడీయే తెండి.

పద్యనాటకాలు, హరికథల క్యాసెట్లు తెచ్చేవాళ్లకి కొంచెం వివరంగా చెప్పాలి. 60 నిమిషాల క్యాసెట్‌ని 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైలుగా (కుదించని ఫైలు) కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే 635 ఎంబీ వస్తుంది. దాన్ని ఫ్లాక్ అనే రకం ఫైలుగా కుదించి దాస్తాం; సైజు సుమారు సగానికి దిగుతుంది, శబ్దం చుక్క కూడా పోదు. ఎంపీ3 ఆ ఫ్లాక్ నుంచే తీస్తాం. ఎక్కించేటప్పుడు లెవెల్ మైనస్ 6 డీబీ దాటనివ్వం. రాగం పైకెత్తినప్పుడు గొంతు బద్దలైతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు.

గుడి మైకుకి మోనో అడుగుతారు. క్యాసెట్‌ని చదివే టేప్ హెడ్ ఒక పక్కకి ఒరిగి ఉన్నప్పుడు ఎడమ, కుడి కలిపేస్తే సన్నని శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ముందు హెడ్ స్క్రూ తిప్పి సరిచేస్తాం, కుదరకపోతే రెండింట్లో బాగున్న ఛానెల్ ఒక్కటే తీసుకుంటాం.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఎంపీ3 కాదు, ఓపస్ అనే వేరే రకం ఫైలు. పేరు చివర ఎంపీ3 అని మార్చినంత మాత్రాన స్టీరియో పాడదు, కన్వర్ట్ చెయ్యాలి. పాటల యాప్‌లలో డౌన్‌లోడ్ చేసినవి మాత్రం తాళం వేసి ఉంటాయి, వాటిని మేం ముట్టం.

వచ్చేటప్పుడు స్టీరియో మోడల్ నంబరు ఫోటో తీసుకురండి. ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, పెళ్లి ఫోటోలేమైనా ఉంటే ముందే వేరేచోట పెట్టుకోండి.