సామాను ఎత్తకముందే స్కాన్ చేయండి

సంపాదకులు గారికి,

సత్యనారాయణపురంలో, గాంధీనగర్‌లో, వన్‌టౌన్ సందుల్లో పాత పెంకుటిళ్ళు, మిద్దెలు ఒక్కొక్కటే బిల్డర్ల చేతికి వెళ్తున్నాయి. కూల్చేముందు ఇంటిని ఫోనుతో తీసి పెట్టుకుని, తర్వాత వీఆర్ హెడ్‌సెట్‌లో (కళ్ళకి పెట్టుకుంటే ఇంట్లోనే ఉన్నట్టు చూపించే పరికరం) చూసుకుందామనుకునేవాళ్ళూ కనిపిస్తున్నారు. ఆలోచన బాగానే ఉంది. తీసే వేళే తప్పు. సామానంతా లారీ ఎక్కాక తీస్తారు. అప్పటికి మిగిలేవి వట్టి గోడలు, కంప్యూటరుకు ఏమాత్రం కొరుకుడుపడనివి అవే.

ఫొటోల నుంచి త్రీడీ ఇల్లు ఎలా వస్తుందంటే, ఒకే గుర్తు మూడు నాలుగు చోట్ల నుంచి తీసిన ఫొటోల్లో కనబడాలి. ఆ తేడాని బట్టి సాఫ్ట్‌వేర్ దూరం లెక్కకడుతుంది. సున్నం కొట్టిన తెల్లగోడ మీద పట్టుకోడానికి గుర్తే ఉండదు. క్యాలెండరు, పటాలు, దండెం మీది బట్టలు ఉండగానే తీయమనేది అందుకే. ఖాళీ గోడ తప్పదంటే మీ పత్రిక పేజీలే నాలుగు అతికించవచ్చు. ఏ రోజు తీశారో కూడా అందులోనే ఉండిపోతుంది.

అందరూ చేసే ఇంకో పొరపాటు, గది మధ్యలో నిలబడి గుండ్రంగా తిరుగుతూ తీయడం. నిలబడ్డ చోటు మారకపోతే లోతు తెలియదు. గోడకి వీపు ఆనించి ఎదుటి గోడని తీయాలి. ఒక అడుగు పక్కకి జరిగి మళ్ళీ తీయాలి. ఇలా గది చుట్టూ మోకాలి ఎత్తులో ఒకసారి, ఛాతీ ఎత్తులో ఒకసారి, చెయ్యి పైకెత్తి దూలాలు కనబడేలా ఇంకోసారి. ముందు ఫొటోలో ఉన్నదాంట్లో కనీసం 70 శాతం తర్వాతి దాంట్లోనూ పడాలి. 12 అడుగుల గదికి 150 నుంచి 200 ఫొటోలవుతాయి. ఫోన్ కెమెరాలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) మారకుండా లాక్ చేయకపోతే కిటికీ వైపు తిరిగినప్పుడల్లా గోడ రంగు మారిపోతుంది. ఫ్యాను ఆపాలి, ఉయ్యాలబల్ల కదలకుండా కట్టాలి, అద్దాల మీద దుప్పటి కప్పాలి. లేకపోతే అద్దం వెనకాల ఇంకో గది పుట్టుకొస్తుంది! ఎర్రగచ్చు మెరిసే ఇళ్ళలో ఎండ లోపల పడని వేళ చూసుకోవాలి. మెరుపు మనతోపాటు కదులుతుంది కనక నేలలో గుంటలు పడతాయి.

గడప దగ్గర తొందర పనికిరాదు. అరడుగుకొక ఫొటో చొప్పున దాటి, వెనక్కి తిరిగి మళ్ళీ తీయాలి. లేదంటే వంటిల్లు వసారాకి అతుక్కోకుండా విడిగా ఎక్కడో తేలుతుంది. ద్వారబంధం మీద పిల్లల ఎత్తుకి గీసిన పెన్సిలు గీతలు, నూతిగట్టు మీద చేంతాడు ఒరిసి పడ్డ గాడి వంటివి కావాలంటే దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరకి వస్తూ 10, 15 ఫొటోలు తీయాలి. దగ్గరి ఫొటో ఒక్కటే ఇస్తే అది దేనికి చెందిందో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.

ఐఫోన్ 12 ప్రో నుంచి ప్రో మోడళ్ళలో ఉన్న లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే సెన్సర్) సుమారు 5 మీటర్ల దాకా గోడల కొలత ఇస్తుంది, కిటికీ ఊచల వంటి సన్నటివి దానికి సరిగా అందవు. ఫొటోల నుంచి దృశ్యాన్ని లక్షల మసక రంగుచుక్కలుగా కట్టే, 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతిలో పెరటి ఆకులు, తులసికోట చక్కగా వస్తాయి. కొలతలకి మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. ఫొటోల నుంచి త్రీడీ ఇల్లు కట్టడానికి ఉచితంగా దొరికే మెష్‌రూమ్ సాఫ్ట్‌వేర్ చాలు, అయితే కంప్యూటరులో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఏ పద్ధతైనా గుమ్మం ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. ఆ కొలత సరిచేయకపోతే హెడ్‌సెట్ పెట్టుకున్న పెద్దవాళ్ళకి ఇల్లు బొమ్మరిల్లులా కనిపిస్తుంది. వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టే చూపించాలి; కళ్ళు తిరుగుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, అసలు ఫొటోలు పారేయొద్దు. త్రీడీ బొమ్మలు దాచుకునే గూగుల్ పాలీ 2021లో మూతపడింది, త్రీడీ గదుల్లో నలుగురూ కలుసుకునే మొజిల్లా హబ్స్ 2024లో మూతపడింది. యాప్ పోయినా ఫొటోలుంటే రేపు వచ్చే మెరుగైన సాఫ్ట్‌వేర్‌తో మళ్ళీ కట్టుకోవచ్చు. అయిదు గదుల ఇంటికి వెయ్యి ఫొటోలు, నాలుగైదు జీబీ. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి వేరే ఊళ్ళో ఉంచాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు, ఒకే బీరువాలో రెండు డిస్కులుంటే రెండూ మునిగేవే కదా.

బిల్డరుతో అగ్రిమెంటు రాసుకునేటప్పుడే, సామాను కదిలించకముందు రెండు రోజులు ఇందుకోసం అట్టేపెట్టుకోవాలి. స్కాన్ మొదలుపెట్టే ముందు బీరువా తలుపులు వేసి, దస్తావేజులు, బ్యాంకు కాగితాలు తీసేయండి. కొన్ని యాప్‌లు ఫొటోలని వాటి సర్వర్లకి పంపాకే బొమ్మ కడతాయి.

— త్రీడీ స్కానింగ్ పనిలో ఉన్న కొందరం, విజయవాడ