వార్షిక నివేదిక 2024–25: బోరు నీళ్ల సున్నం, ఇంటి సాఫ్టెనర్ ఎంపిక, బిగింపు

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీధి దీపాలు, డ్రైనేజీ పూడికతీత, బతుకమ్మ ఏర్పాట్ల ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది సభ్యులు సంఘాన్ని ఎక్కువగా అడిగింది బోరు నీళ్ల గురించి. గీజర్ కాయిల్ మీద సున్నం గడ్డకడుతోంది, షవర్ రంధ్రాలు మూసుకుపోతున్నాయి, సబ్బు నురగ రావడం లేదు, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకడం లేదు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం సాఫ్టెనర్లకే, అంటే నీళ్లలోని సున్నం తీసే మెషీన్లకే ఇచ్చాం.

హన్మకొండ ప్రాంతమంతా గ్రానైట్ రాతి నేల. బోరు నీళ్లు ఆ రాతి పగుళ్లలో నిలిచి, కాల్షియం, మెగ్నీషియం కలుపుకొని పైకి వస్తాయి. నల్లా నీళ్ల సంగతి వేరు. దేవాదుల ఎత్తిపోతల ద్వారా ధర్మసాగర్ చేరే గోదావరి నీళ్లు పైనుంచి పారే నీళ్లు కాబట్టి వాటిలో సున్నం తక్కువ. తాగడానికి, వంటకు నల్లా నీళ్లు సరిపోయే ఇంట్లో ఆ రెండింటి కోసం సాఫ్టెనర్ అక్కర్లేదు. స్నానానికి, గీజర్‌కు, వాషింగ్ మెషీన్‌కు బోరు నీళ్లే దిక్కైన ఇళ్లకే ఇది అవసరం.

ముందు కొలవాలి

అమ్మకానికి వచ్చేవాళ్లు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తారు. ఆ అంకెను బట్టి సాఫ్టెనర్ కొనకూడదు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క. సున్నం పేరుకోవడానికి కారణం కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం మోతాదు. దాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు. ల్యాబ్ రిపోర్టులో ‘టోటల్ హార్డ్‌నెస్’ అని ఉన్న వరుస చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఫరవాలేదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. 50 మిల్లీలీటర్ల నీళ్లలో అమ్మోనియా బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు పొడి వేస్తే నీళ్లు ద్రాక్షరసం రంగుకు మారతాయి. కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం ద్రావణాన్ని (0.01 మోలార్ గాఢత) చుక్కచుక్కగా వదులుతూ గ్లాసును తిప్పుతుంటే ఎరుపు ఊదాగా మారి, చివరి ఒకటి రెండు చుక్కలకు స్వచ్ఛమైన నీలం వచ్చేస్తుంది. అక్కడ ఆపాలి. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే కాఠిన్యం. 25 మిల్లీలీటర్లు పడితే 500 అన్నమాట. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోయినప్పుడు ఈ అంకె తరచూ పెరుగుతుంది. కాబట్టి మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక దసరా ప్రాంతంలో ఒకసారి చూసి, పెద్ద అంకెకు తగ్గట్టే మెషీన్ కొనాలి.

ఎంత రెజిన్ కావాలి

సాఫ్టెనర్ ట్యాంకులో ఉండేది రెజిన్ అనే చిన్న గోధుమరంగు పూసలు. అవి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండిపోయాక ఉప్పు నీళ్లు పంపితే పట్టుకున్నది వదిలి మళ్లీ పనికొస్తాయి, దీన్నే ఉప్పు ఎక్కించడం అంటున్నాం. లీటరు రెజిన్ 150 గ్రాముల ఉప్పుతో సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టగలదు. మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

నలుగురున్న ఇల్లు, 500 కాఠిన్యం అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క, అందులో ఫ్లష్‌కు పోయే 45 లీటర్లకు మెత్తని నీళ్లు అనవసరం. మిగిలేది ఇంటికి 360 లీటర్లు, అంటే రోజుకు 180 గ్రాముల కాఠిన్యం. 25 లీటర్ల రెజిన్ 1,250 గ్రాములు పడుతుంది కాబట్టి ఒకసారి ఉప్పు ఎక్కిస్తే దాదాపు వారం వస్తుంది. ఒక్కోసారికి 3.75 కిలోలు, నెలకు సుమారు 16 కిలోల ఉప్పు. ఫ్లష్‌కు, మొక్కలకు కూడా ఇవే నీళ్లు పంపితే ఉప్పు ఖర్చు అనవసరంగా పెరుగుతుంది, పైగా సోడియం మట్టిని గట్టిపరిచి మొక్కలను చంపుతుంది.

నల్లాకు తగిలించే చిన్న సాఫ్టెనర్ల గురించి చాలామంది అడిగారు. లీటరు రెజిన్ ఉన్నా సరే, 500 కాఠిన్యం దగ్గర అది 100 లీటర్లకే అయిపోతుంది. అంటే 20 లీటర్ల బకెట్లు ఐదు. వాటిని కొనవద్దని మా సలహా. పైపు మీద బిగించే అయస్కాంతాలు, ఉప్పు అక్కర్లేదనే ఎలక్ట్రానిక్ పెట్టెలు కాల్షియాన్ని తీసేయవు. అవి పెట్టక ముందూ, పెట్టాకా ఈడీటీఏ పరీక్ష చేస్తే అంకె అదే వస్తుంది.

మామూలు వాడకానికి, ఉప్పు ఎక్కించడానికి నీళ్ల దారి మార్చే వాల్వు విషయానికొస్తే, మూడు రకాలున్నాయి. చేత్తో తిప్పే మల్టీపోర్ట్ చవక, చెడిపోయేదీ తక్కువ, కానీ వారం వారం గుర్తుంచుకుని గంటసేపు ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండాలి. టైమర్‌ది నీళ్లు వాడినా వాడకపోయినా లెక్క ప్రకారం ఉప్పు తినేస్తుంది. ఊళ్లకు పోయి వచ్చే కుటుంబాలకు వాడకాన్ని కొలిచి నడిచే మీటరు వాల్వే మేలు. కరెంటు పోతే టైమ్ గుర్తుంచుకుంటుందో లేదో కొనేముందే అడగండి.

బిగింపు

ఎక్కువ ఇళ్లలో తేడా వచ్చేది ప్రెషర్ దగ్గరే. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ప్రెషర్. డాబా మీది ట్యాంకు నుంచి కింది బాత్‌రూమ్‌కు మూడు నాలుగు మీటర్లే ఉంటుంది, అంటే 0.3 నుంచి 0.4 బార్. సాఫ్టెనర్‌కు కనీసం 1.5 నుంచి 2 బార్ కావాలి. లేకపోతే వాల్వులోని ఇంజెక్టర్ ఉప్పు నీళ్లను పీల్చదు, మెషీన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం మెత్తబడవు. సంపు నుంచి మోటారు, మోటారు నుంచి సాఫ్టెనర్, అక్కణ్నుంచి పైనున్న వేరే ట్యాంకు. ఈ వరుస మంచిది. 25 లీటర్ల రెజిన్ గుండా గంటకు 1,000 లీటర్లకు మించి పంపకూడదు. మోటారు పెద్దదైతే సాఫ్టెనర్‌కు ముందు గేట్ వాల్వుతో తగ్గించాలి.

బోరు నీళ్లు మట్టిగా వస్తే ముందు ఇసుక ఫిల్టరు తప్పదు. బకెట్‌లో పట్టి ఉంచిన నీళ్లు ఎర్రబారితే ఇనుము ఉన్నట్టు, దాన్ని ముందే తీయకపోతే రెజిన్ మీద పేరుకుని పనితనం తగ్గుతుంది.

సాఫ్టెనర్‌ను తప్పించి నీళ్లు నేరుగా పోయేలా మూడు బాల్ వాల్వులతో బైపాస్ పెట్టించుకోండి, లేకపోతే రిపేరు రోజు ఇంట్లో నీళ్లుండవు. ప్లాస్టిక్ మరలకు టెఫ్లాన్ టేప్ చాలు. జనపనార చుట్టి రెంచితో బిగిస్తే వాల్వు మెడ పగులుతుంది. గీజర్ నుంచి వేడినీళ్లు వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు వేయాలి. ట్యాంకును ఎండలో పెట్టొద్దు. మన మే నెల ఎండలకు ఫైబర్ పొర పాడవుతుంది. డ్రెయిన్ పైపు చివర మురికి నీళ్లలో మునగకుండా పైన వదలాలి.

రెజిన్ పోసేటప్పుడు మధ్య గొట్టం మూతిని టేపుతో మూసేయాలి. ఒక్క గుప్పెడు లోపల పడినా తర్వాత ఇంటి నల్లాల్లోకి వస్తుంది. ట్యాంకు ఎత్తులో మూడో వంతు నుంచి సగం దాకా ఖాళీ ఉంచాలి, బ్యాక్‌వాష్‌లో, అంటే నీళ్లను కింది నుంచి పైకి పంపి కడిగేటప్పుడు, రెజిన్ పైకి లేచి విచ్చుకుంటుంది. మొదటిసారి పసుపు రంగు పోయేదాకా నీళ్లు డ్రెయిన్‌కు వదలండి.

ఉప్పు ఎక్కించడం, తేడా వస్తే చూడాల్సినవి

అయోడిన్ లేని శుభ్రమైన దొడ్డుప్పు వాడాలి. 3.75 కిలోలు కరగడానికి సుమారు 11 లీటర్ల నీళ్లు పడతాయి. ముందు పది నిమిషాలు బ్యాక్‌వాష్, తర్వాత ఉప్పు నీళ్లు అరగంట పాటు నెమ్మదిగా, ఆపై నెమ్మదిగానే కడగడం, చివర ఐదు పది నిమిషాలు వేగంగా కడగడం. ఉప్పు నీళ్లను తొందరపడి పంపితే సగం ఉప్పు పని చేయకుండానే డ్రెయిన్‌కు పోతుంది. ఆ వ్యర్థాన్ని ఇంకుడు గుంతలోకి అస్సలు వదలొద్దు, అది తిరిగి మన బోరులోకే చేరుతుంది. మురుగు కాల్వలోకే పోవాలి.

నీళ్లు మళ్లీ గట్టిబడితే మొదట బైపాస్ తెరిచి ఉందేమో చూడండి. తర్వాత ఉప్పు ట్యాంకు. వానాకాలం తేమకు ఉప్పు పైన గట్టి పెచ్చు కట్టి, కింద ఖాళీగా ఉంటుంది. చూడ్డానికి ట్యాంకు నిండుగానే కనిపిస్తుంది. కర్రతో పొడిచి విరగ్గొట్టాలి. ఉప్పు నీళ్ల మట్టం తగ్గకపోతే ఇంజెక్టర్‌లో చెత్త ఉన్నట్టు, లేదా సన్న పైపు జాయింటు గాలి లాగుతున్నట్టు. నల్లాలో ఉప్పగా వస్తే కడగడం చాలలేదు. పూసలు వస్తే అడుగు జల్లెడ విరిగింది.

సాఫ్టెనర్ టీడీఎస్‌ను తగ్గించదు, ఫ్లోరైడ్‌ను తీయదు. 500 కాఠిన్యం తీస్తే లీటరుకు సుమారు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఈ నీళ్లు తాగకూడదు, మిగతావాళ్లూ తాగడానికి, వంటకు వేరే పైపు ఉంచుకోవడమే మంచిది.

వచ్చే ఏడాదికి

కాఠిన్యం పరీక్ష కిట్ సంఘం కార్యాలయంలో ఉంటుంది. బోరు మోటారు పది నిమిషాలు నడిచాక పట్టిన లీటరు నీళ్లు శుభ్రమైన సీసాలో తెస్తే అక్కడే చేసి అంకె రాసిస్తాం. సభ్యులందరికీ కలిపి ఉప్పు బస్తాలు తెప్పించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కావలసినవారు నెలకు ఎన్ని కిలోలో సర్వసభ్య సమావేశం రోజున రిజిస్టర్‌లో రాయగలరు.

— కార్యవర్గం