నీ సైకిలూ, నా ఇంగ్లీషూ

ఒరే బావా,

ఎలా ఉన్నావ్? ఫోన్లో అయితే ఐదు నిమిషాల సంగతే. కానీ ఇది నీ మొహం చూసో, గొంతు వింటూనో చెప్పలేను. అందుకే ఉత్తరం.

మా చిన్నదానికి పరీక్షలు. రాత్రి ఇంగ్లీషు పదాలు అప్పజెబుతానంటే పుస్తకం పట్టుకుని కూర్చున్నా. ఒకచోట covet అనే మాటని ‘కోవెట్’ అని చదివాను. ‘నాన్నా, అది కోవిడ్ కాదు’ అని పడీపడీ నవ్వింది. కవర్‌లో లాగా ‘కవెట్’ అనాలట. అర్థం దగ్గర ‘అసూయ, దురాశ’ అని రాసుకుంది. రెండూ సగం సగమే అతుకుతాయి. వాడికి ఉందే అని మనిషి మీద ఏడిస్తే అది కుళ్ళు. ఎంతున్నా ఇంకా కావాలంటే దురాశ. దీనికి మాత్రం చూపంతా వస్తువు మీదే. వాడి దగ్గరున్న అదే కావాలి! బైబిల్ పది ఆజ్ఞల్లో చివరిది ఇదే: పొరుగువాడి ఇల్లు, భార్య, ఎద్దు, ఏదీ ఆశింపకూడదని. గాడిదని కూడా వదల్లేదు చూడు.

మన ఈశోపనిషత్తు మొదటి మంత్రంలోనూ ఇదే మాట, ‘మా గృధః’, అంటే ఆశపడకు అని. ఆ ధాతువు నుంచే గృధ్రం, మన గద్ద. ఇంగ్లీషు మాటేమో బాణాలేసే రోమన్ల మన్మథుడు క్యూపిడ్‌కి చుట్టం, ఇద్దరిదీ లాటిన్లో ఒకటే మూలం. నాకు గద్దే నచ్చింది. నీ సైకిలు చుట్టూ అలాగే తిరిగాను మరి.

ఎనిమిదో తరగతిలో మీ నాన్నగారు కొనిచ్చిన ఎర్ర బీఎస్‌ఏ ఎస్సెల్లార్. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు నువ్వు. ఇంటర్వెల్లో షెడ్డుకెళ్ళి, బెల్లు మీద బొటనవేలు ఆనించి, మోగకుండా చూసుకుని వచ్చేసేవాణ్ణి. నీ మీద కోపం లేదురా, ఒట్టు. షాపులో అలాంటిదే ఇంకోటి ఇప్పిస్తామన్నా వద్దనేవాణ్ణేమో.

పిల్లకి ఇదే ఉదాహరణ చెప్పాను. ‘మరి సైకిలుని నువ్వేం చేయలేదా?’ అంది. లేదమ్మా అన్నాను. అబద్ధం. దసరా సెలవల ముందు రోజు నీ వెనక చక్రంలో గాలి తీసింది నేనే. అది మాత్రం అచ్చంగా కుళ్ళే. పంపు తెచ్చి గాలి కొట్టిందీ నేనేగా! ‘నువ్వుండబట్టి సరిపోయిందిరా’ అని వెనక ఎక్కించుకుని ఇంటిదాకా దింపావు కూడా.

ఈ ఉత్తరం చెల్లెమ్మ కంట పడనీకు. సంక్రాంతికి వస్తున్నాం, కాఫీ కూడా పుట్టదు నాకు.

నీ బావ