మొక్కలు వద్దు సార్, ఆ గట్టు తీయించండి

మడ అడవుల బాధ్యత చూస్తున్న అధికారి గారికి,

అయ్యా, దివిసీమ నుంచి రాస్తున్నాం. ఇది మా నాలుగో అర్జీ. మొదటి మూడింటి రసీదులు మా ఆవిడ బియ్యం డబ్బా కింద భద్రంగా దాచింది. జవాబంటూ వస్తే అదీ అక్కడే పెడతాం.

మడ మొక్కలు నాటిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మోకాలి లోతు బురదలో దిగి నాటింది మా ఆడవాళ్లు. మీరు గట్టు మీద నిలబడి ఫోటో దిగారు, తప్పులేదు. మా గొడవల్లా ఆ గట్టుతోనే. అది రొయ్యల చెరువు గట్టు. దాని కింద ఉన్నది ఉప్పుటేరు చీలిక. చెరువు తవ్వినాయన మట్టి పోసి దాని నోరు మూసేశాడు. "వారంలో తీయిస్తాం" అని మీరు అందరి ముందూ అన్నారు. వారాలు లెక్కపెట్టడం మానేశాం.

మడ చెట్టు బిందెతో నీళ్లు పోస్తే బతికేది కాదు. పోటుకి నీరు ఎక్కాలి, పాటుకి దిగాలి. ఎండాకాలం నీరెక్కక నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. వానాకాలం నీరు దిగే దారిలేక, గాలి కోసం బురద పైకి లేచే ఊపిరి వేర్లు మునిగి కుళ్లాయి. మీ మొక్కలు పోతే పోయాయి, మా తాతల నాటి తెల్లమడ చెట్లు కూడా కొసల నుంచి ఎండుకొస్తున్నాయి. పోటు నీరు లోపలికి పారేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి మడను బతికించిన శాఖకి ఇది మేం చెప్పాలా?

మొన్న ఇద్దరం కొక్కెం పట్టుకుని పొద్దున్నుంచి తిరిగితే ఒక్క మండపీత దొరికింది. పిల్లది, వదిలేశాం. పండుగప్ప మాటే లేదు. మడలో చేపలు పట్టి తినే బావురుపిల్లి బొమ్మ వేసిన మీ బోర్డు మాత్రం రంగు పోకుండా ఉంది.

మడను రొయ్యల చెరువులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. మీ దగ్గరికొస్తే ఇంకో ఆఫీసుకి పొమ్మంటారు. అక్కడికెళ్తే మళ్లీ మీ దగ్గరికే. ఈ మడ మొక్కలు నాటించే కేంద్ర పథకం పేరు మిష్టి. బెంగాలీలో తీపి అని అర్థమట. మా వాటాకి ఉప్పే వచ్చింది.

ఏటా నవంబరు 19న 1977 ఉప్పెనలో పోయినవాళ్లకి దండలు వేస్తారు. వేయండి. ఆ కెరటానికి అడ్డం నిలవాల్సిన చెట్లు ఇక్కడ ఎండుతున్నాయని కూడా ఒకసారి చూసి వెళ్లండి.

దణ్ణం పెడతాం, మళ్లీ మొక్కలు తేవద్దు. ఒక్క పూట పొక్లెయిన్ పంపండి, డీజిల్ మేమే పోయిస్తాం. గట్టు తెగితే చాలు, మడ కాయలు నీళ్లలో వాటంతటవే కొట్టుకొస్తాయి. గట్టు తీయించండి సార్. వచ్చే అమావాస్య పోటులోపు వస్తే మరీ మంచిది. పడవ వేసుకుని రేవులో ఉంటాం.

ఇట్లు,
మడ వెనక పల్లె జాలర్లు