బీటా బ్లాకర్ ఇచ్చే ముందు ఒక నిమిషం నాడి చూడాలి

సంపాదకులకు నమస్కారాలు.

గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారికి మన నగరంలోని ఆసుపత్రుల్లో రోజూ ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రల గురించి, ముఖ్యంగా వాటిని రోగి చేతిలో పెట్టే ముందు జరగవలసిన పరీక్ష గురించి, వార్డుల్లో చాలాకాలంగా పనిచేస్తున్న నర్సుగా ఈ లేఖ రాస్తున్నాను.

మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్, ప్రొప్రనొలాల్ ఈ కోవకు చెందిన మందులు. భయం కలిగినప్పుడు, శ్రమ పడినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ గుండెలో దానిని అందుకునే బీటా గ్రాహకాలను (రిసెప్టర్లను) చేరితే గుండె వేగం, బలం పెరుగుతాయి. ఈ మందు ఆ గ్రాహకాలను ముందుగానే ఆక్రమిస్తుంది కనుక గుండె నిదానిస్తుంది, దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది, మూత్రపిండాల నుంచి బీపీ పెరగడానికి కారణమయ్యే రెనిన్ అనే పదార్థం విడుదల తగ్గి బీపీ కూడా దిగుతుంది. 1960లలో ప్రొప్రనొలాల్‌ను రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది.

గుండెను నిదానింపజేసే మందు కాబట్టే, అప్పటికే నిదానించిన గుండెకు దానిని ఇవ్వకూడదు. స్టెతస్కోపు ఛాతీపై పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి, బీపీ చూడాలి. సాధారణంగా నాడి 60 కంటే, పై బీపీ 100 కంటే తక్కువగా ఉంటే ఆ పూట మాత్ర ఆపి డాక్టరుకు తెలపాలి. ఆ రోగికి డాక్టరు వేరే హద్దు రాసి ఉంటే దానినే పాటించాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం, వేలికి తగిలించిన యంత్రం చూపిన అంకెను రాసుకోవడం ఇక్కడ చాలవు. గుండె లయ తప్పినవారిలో కొన్ని స్పందనలు వేలి వరకు చేరవు. పడకలు ఎక్కువై నర్సులు తక్కువైన వార్డులో ఆ ఒక్క నిమిషం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే దీనిని నర్సుల ఓపికకు వదిలేయకుండా, మందుల చార్టులో ఈ మాత్ర పక్కనే నాడి, బీపీ రాసే గడి తప్పనిసరిగా ఉండాలని కోరుతున్నాను.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, ఇంటికి వెళ్లాక బీపీ నార్మల్‌కు వచ్చిందని రోగులు సొంతంగా మాత్ర మానేయడం. చాలాకాలం మందు వాడినవారిలో గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది, హఠాత్తుగా మానితే అడ్రినలిన్ ప్రభావం ఒక్కసారిగా విజృంభించి ఛాతీ నొప్పి, గుండెపోటు రావచ్చు. మానవలసి వస్తే డాక్టరు సలహాతో ఒకటి రెండు వారాల్లో క్రమంగా తగ్గించుకోవాలి. ఆపరేషన్ రోజు ఉదయం ఏమీ తినకూడదన్నారని ఈ మాత్రను కూడా ఎగ్గొట్టేవారున్నారు. ఎప్పటినుంచో వాడుతున్నవారికి సాధారణంగా ఆ రోజు కూడా గుక్కెడు నీళ్లతో ఇస్తారు కనుక, మత్తు డాక్టరును అడగకుండా ఆపకూడదు.

ఇన్సులిన్ తీసుకునేవారి సంగతి వేరుగా చెప్పాలి. షుగర్ పడిపోయినప్పుడు కలిగే గుండె దడను, వణుకును ఈ మందు కప్పేస్తుంది, చెమట పట్టడం మాత్రం కనిపిస్తుంది. రంజాన్ ఉపవాసాలు, ఏకాదశి ఉపవాసాలు పాటించే కుటుంబాలు ఇన్ని ఉన్న హైదరాబాద్‌లో ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలి. చెమటలు పడితే దడ లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే షుగర్ పరీక్షించుకోవాలి.

ఆస్తమా ఉన్నవారు ఆ విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే ప్రొప్రనొలాల్ వంటివి శ్వాసనాళాలను బిగించగలవు. గ్లకోమాకు (కంటి నరం దెబ్బతినే జబ్బుకు) వాడే టిమొలాల్ కంటి చుక్కలు కూడా ఈ కోవలోవే కనుక వాటిని కూడా చెప్పడం మరవకూడదు. నిదానంగా కరిగే మెటోప్రొలాల్ మాత్రలను నలిపి ముక్కు గొట్టంలో వేస్తే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. అటువంటి రోగికి వేరే రకం మాత్ర రాయమని డాక్టరును అడగాలి.

డిశ్చార్జ్ కాగితాలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటున్నాయి. బీటా బ్లాకర్ రాసిన ప్రతి కాగితంపైనా "డాక్టరును అడగకుండా ఈ మాత్ర మానకండి" అన్న ఒక్క వాక్యాన్ని తెలుగులో, ఉర్దూలో ముద్రించేలా ఆసుపత్రుల యాజమాన్యాలు, వైద్యారోగ్య శాఖ ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక సీనియర్ స్టాఫ్ నర్సు,
హైదరాబాద్