రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: ఆటిజం పిల్లల ఇంటి శిక్షణ గురించి

కమిషనర్ గారికి నమస్కారం.

ఆటిజం ఉన్న రెండు మూడేళ్ల బిడ్డను వారానికోసారి డీఈఐసీకి (జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి) తెచ్చి ముప్పావుగంట థెరపీ ఇప్పిస్తే సరిపోదు. మిగతా ఆరు రోజులూ బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. అందుకే ఆ ముప్పావుగంటలో సగం తల్లికో, నాయనమ్మకో చేయించి నేర్పడానికి కేటాయించండి. కరపత్రం చేతికిస్తే రాదు.

ముందు అడగడం నేర్పాలి. బిస్కెట్టును గోరంత ముక్కలు చేసి, లోపల కనబడే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. బిడ్డ డబ్బా వైపు చూడగానే ఐదు సెకన్లు ఆగాలి. అడగకపోతే చెయ్యి పట్టి వేలితో చూపించేలా చేసి, మనమే "ఇవ్వు" అని, ఆ క్షణమే ముక్క ఇవ్వాలి. ఆలస్యమైతే దేనికి దొరికిందో బిడ్డకు తెలియదు. విడతకు ఐదు నిమిషాలు, రోజుకు నాలుగైదు విడతలు. అన్నం తిన్న వెంటనే వద్దు, కడుపు నిండితే అడగాలనిపించదు.

ఎక్కువగా చెడేది సాయం తగ్గించని చోట. వేలు పట్టడం నుంచి మణికట్టుకు, తర్వాత మోచేతికి, ఆపైన ఉత్త సైగకు రావాలి. లేకపోతే బిడ్డ మన చేతికోసమే ఎదురుచూస్తుంది. ఏడ్చినప్పుడు ఒకసారి ఇచ్చి ఇంకోసారి ఇవ్వకపోతే ఏడుపు మరింత గట్టిపడుతుంది. బలవంతంగా కళ్లలోకి చూడమనడం, కసరడం అసలు వద్దు.

16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం లక్షణాలను ముందే పసిగట్టడానికి ఎం-చాట్ అనే ప్రశ్నావళి ఉంది. అంగన్‌వాడీల్లో అడిగించండి. వైకల్య సర్టిఫికెట్ వచ్చేదాకా శిక్షణ ఆపొద్దని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
థెరపిస్టులు, తల్లిదండ్రులు